వరంగల్‌లో ఉండి పగడపు దిబ్బల గ్రాంటుకు దరఖాస్తు చేయడం

కాకతీయలోనో, కరీంనగర్ శాతవాహనలోనో, హనుమకొండ డిగ్రీ కాలేజీల్లోనో జంతుశాస్త్రం చెబుతూ పగడాల మీద పని చేయాలనుకునేవాళ్లకు సముద్రం దూరమన్నది చిన్న సమస్య. దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది అనుమతుల దగ్గర, నెలల లెక్క దగ్గర. అందుకే రాయడం అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు ఎవరిని అడగాలో తేల్చుకోవాలి. పగడపు దిబ్బల సంరక్షణకు కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చే నిధులు తీర రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు వాటి కార్యాచరణ ప్రణాళికల మీద వెళ్తాయి. మన కాలేజీ పేరు మీద నేరుగా రావు. పరిశోధకులుగా అడగాల్సింది అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌ను (2023 చట్టంతో కేంద్ర ప్రభుత్వపు పాత పరిశోధన నిధుల బోర్డు సెర్బ్ స్థానంలో వచ్చింది), లేదంటే భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖను. ఫౌండేషన్ గ్రాంటుకు ప్రధాన పరిశోధకుడికి రెగ్యులర్ ఉద్యోగం ఉండాలి. గెస్ట్ లెక్చరర్ పేరు ఆ గడిలో రాస్తే పరిశీలనకు కూడా వెళ్లదు.

దేశంలో ప్రధాన పగడపు ప్రాంతాలు నాలుగు: మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. మొదటి ప్రాజెక్టుకు మన్నార్ మేలు. దాని ఒడ్డునున్న తూత్తుకుడికి చెన్నై మీదుగా రైల్లో చేరుకోవచ్చు. లక్షద్వీప్‌కు ప్రవేశ పర్మిట్ వేరే తీసుకోవాలి, వానాకాలంలో ఓడలూ సరిగా నడవవు. తూత్తుకుడిలో సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ ఉంది. అలాంటి తీర సంస్థ శాస్త్రవేత్తను సహ పరిశోధకుడిగా పెట్టుకుని, సమ్మతి పత్రం జతచేయండి. నీళ్లలోకి ఎవరు దిగుతారు, వాళ్లకు స్కూబా సర్టిఫికెట్ ఉందా అని సమీక్షకులు తప్పకుండా చూస్తారు. మన వంతు పని కూడా స్పష్టంగా రాయాలి: డీఎన్ఏ విశ్లేషణ, ఫొటోల నుంచి పగడాల విస్తీర్ణం లెక్కించడం, ఉపగ్రహ ఉష్ణోగ్రతల అధ్యయనం. చివరిదానికి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే పగడాల బ్లీచింగ్ (నీళ్లు వేడెక్కి పగడం తెల్లబడడం) హెచ్చరికలు చేతికందే ఆధారం.

ఇక అనుమతులు. దిబ్బలు కట్టే పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులికున్న రక్షణే వాటికీ ఉంది. మన్నార్‌లోని 21 దీవులు సముద్ర జాతీయ పార్కు కిందికి వస్తాయి. లోపలికి వెళ్లి కొలత టేపు పరిచి ఫొటోలు తీయడానికే తమిళనాడు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి పర్మిట్ కావాలి. ముక్క తుంచాలంటే సెక్షన్ 12 కింద అనుమతి, దానికి ముందు కేంద్రం ఆమోదం తీసుకోవాలి. ఇది నెలల పని. కాబట్టి మొదటి ఏడాది ఫొటోలు, కొలతలతో నడిచేలా, నమూనాల సేకరణ రెండో ఏడాదిలో ఉండేలా రాయండి. తుంచే ముక్క సైజు, జాతి, ఒక్కో స్థలంలో ఎన్ని అన్నది సంఖ్యల్లో చెప్పండి. 'అవసరమైనన్ని' అని రాసిన దరఖాస్తు తిరిగి వస్తుంది, రావాలి కూడా.

నెలల లెక్క ఇంకా గట్టిగా చూడాలి. మన్నార్‌లో బ్లీచింగ్ సాధారణంగా ఏప్రిల్ నుంచి జూన్ మధ్య కనిపిస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం, మర పడవలు రేవు కట్టేసే ఉంటాయి. అద్దెకు ఫైబర్ నాటు పడవలనే లెక్క వేసుకుని, ఆ సంగతి ఫారెస్టు పర్మిట్‌లోనూ రాయించుకోండి. వేడెక్కకముందు దిబ్బ ఎలా ఉందో ఫిబ్రవరి, మార్చిలోనే కొలవాలి. ఆ కొలత లేకపోతే మేలో తెల్లబడ్డ పగడాన్ని పోల్చడానికి ఏమీ ఉండదు.

బడ్జెట్‌లో 20 మీటర్ల టేపులు, మీటరు చదరపు చట్రాలు, నీటి కెమెరా ఎలాగూ వేస్తారు. మరిచిపోయేవి వేరే ఉంటాయి. ఉష్ణోగ్రత లాగర్లు (నీటి వేడిని నమోదు చేసే చిన్న పరికరాలు) అలలకు కొట్టుకుపోతాయి, స్థలానికి రెండేసి పెట్టండి. 95 శాతం ఇథనాల్‌లో ఉంచిన నమూనాలను రైల్లో తేవడం నిషేధం, మండే సరుకు కాబట్టి. అందుకని డీఎన్ఏ తీసే పని తూత్తుకుడి ల్యాబ్‌లోనే ముగించేలా కిట్లు, ల్యాబ్ చార్జీలు అక్కడి లెక్కలో చూపించండి. జూనియర్ రిసెర్చ్ ఫెలోకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. ఈ భత్యం నగరాల శ్రేణిని బట్టి మారుతుంది, వరంగల్ వై శ్రేణి నగరం. హైదరాబాద్ దరఖాస్తు చూసి అక్కడి ఎక్స్ శ్రేణి రేటు రాసేస్తే ఆ పద్దు కోత పడుతుంది.

మంజూరయ్యాక అసలు ఇబ్బంది మార్చి 31న వస్తుంది. ఆ తేదీకి లెక్క కట్టి, జీఎఫ్ఆర్ (కేంద్ర ఆర్థిక నిబంధనలు) 12-ఏ ఫారంలో వినియోగ ధ్రువపత్రం, ఖర్చుల పట్టిక పంపితేగానీ తర్వాతి విడత రాదు. సరిగ్గా అప్పుడే పడవలకు, డీజిల్‌కు పైసలు కావాలి. ఫైనాన్స్ ఆఫీసర్‌తో మార్చి మొదట్లోనే మాట్లాడి, ఆడిట్ కాని తాత్కాలిక ధ్రువపత్రం ఏప్రిల్ మొదటి వారంలో వెళ్లేలా చూడండి. విశ్వవిద్యాలయం నుంచి అడ్వాన్సు దొరుకుతుందా అన్నది దరఖాస్తు రోజే అడిగి ఉంచుకోండి.

పరికరాల పద్దు, ఖర్చుల పద్దు కలిపేయకండి. ఆర్డరిచ్చి ఇంకా చెల్లించని బిల్లును ఖర్చయినట్టు చూపకండి. ఖాతాలో పడ్డ వడ్డీ మనది కాదు, లెక్కలు ఖరారైన వెంటనే భారత్‌కోశ్ (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల పోర్టల్) ద్వారా కేంద్ర సంచిత నిధికి కట్టి, ఆ రసీదు ధ్రువపత్రానికి జతచేయాలి.