స్ట్రాటా-ఈస్ట్ రీఇష్యూలు కొనేవాళ్ళకు: రన్‌ఔట్ ఫోటో చూడకుండా డబ్బు పంపొద్దు

పోయిన నెల హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఒక కుర్రాడు, స్ట్రాటా-ఈస్ట్ అనే అమెరికా జాజ్ లేబుల్ (రికార్డు కంపెనీ) తెచ్చిన గిల్ స్కాట్-హెరాన్, బ్రయాన్ జాక్సన్‌ల 'వింటర్ ఇన్ అమెరికా' ఎల్పీని 1974లోనే నొక్కిన అసలు ప్రెస్సింగ్ అని నమ్మి, నెల జీతం మొత్తం పోసి తెప్పించుకున్నాడు. వచ్చింది ఈ మధ్య ఎవరో కొట్టిన కాపీ. కవర్ బాగానే ఉంది. రికార్డు నడుమ కాగితపు లేబుల్ మీద ఎస్ఈఎస్-19742 అని కేటలాగ్ నంబర్ కూడా సరిగ్గానే ఉంది. డబ్బు ముట్టాక అమ్మినవాడు జవాబివ్వడం మానేశాడు. కొనేముందు రన్‌ఔట్ ఫోటో, అంటే గాడికీ కాగితపు లేబుల్‌కీ మధ్య ఉండే ఖాళీ పట్టీ ఫోటో, ఒక్కటి అడిగుంటే ఆ జీతం మిగిలేది.

ఏటా ఏప్రిల్‌లో, సాధారణంగా మూడో శనివారం నాడు, అమెరికా, ఐరోపా దుకాణాల్లో రికార్డ్ స్టోర్ డే జరుపుతారు. 2008లో మొదలైన ఈ రోజు కోసం పాత జాజ్ లేబుళ్ళ రీఇష్యూలను, అంటే పాత ఆల్బమ్‌లను మళ్ళీ నొక్కిన కాపీలను, ప్రత్యేకంగా, కొద్ది కాపీల్లో విడుదల చేస్తారు. 2025లో డెట్రాయిట్ సంస్థ మాక్ అవెన్యూ స్ట్రాటా-ఈస్ట్ ఆల్బమ్‌లను మళ్ళీ బయటికి తేవడం మొదలుపెట్టాక, అంతకుముందు ఈ లేబుల్ పేరు కూడా విననివాళ్ళు వెతకడం మొదలుపెట్టారు. జనం పెరిగేసరికి దొంగ సరుకూ పెరిగింది. రికార్డును అంచులతో పట్టుకోవాలి, నిలువుగా పెట్టుకోవాలి లాంటివి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ఈ లేబుల్‌తోనే చిక్కు ఎందుకు

1971లో న్యూయార్క్‌లో ట్రంపెట్ వాద్యకారుడు చార్లెస్ టాలివర్, పియానిస్టు స్టాన్లీ కవెల్ కలిసి స్ట్రాటా-ఈస్ట్ పెట్టారు. తమ 'మ్యూజిక్ ఇంక్' బృందం రికార్డును పెద్ద కంపెనీలేవీ తీసుకోకపోతే తామే విడుదల చేసుకున్నారు. తర్వాత అదే దారి మిగతావాళ్ళకీ తెరిచారు. ఇక్కడ వాద్యకారుడే తన ఖర్చుతో రికార్డింగ్ చేయించుకుంటాడు. లేబుల్ ప్రెస్ చేయించి దుకాణాలకు పంపుతుంది. మాస్టర్ టేపు, అంటే ఆ రికార్డింగ్ అసలు టేపు, మీద హక్కు మాత్రం వాద్యకారుడిదే. నల్లజాతి సంగీతకారుల శ్రమ మీద కంపెనీలు బతికిన కాలంలో ఇది చిన్న విషయం కాదు. నాకు ఈ లేబుల్ మీద ఇంత ప్రేమ ఉండటానికి సగం కారణం సంగీతమైతే, మిగతా సగం ఇదే.

కొనేవాడికి చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. హక్కులు ఒకచోట లేవు. ఒక ఆల్బమ్ వాద్యకారుడి దగ్గర ఉంటే ఇంకొకటి వాళ్ళ పిల్లల దగ్గర ఉంటుంది. అందుకే రీఇష్యూలు ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా, వేర్వేరు దేశాల నుంచి వచ్చాయి. కొన్ని జపాన్‌లో వచ్చాయి. కొన్నిటిని ఇంగ్లండ్ సంస్థ ప్యూర్ ప్లెజర్ 180 గ్రాముల ఎల్పీలుగా తెచ్చింది. శాక్సఫోన్ వాద్యకారుడు క్లిఫర్డ్ జోర్డన్ చేసిన, చేయించిన రికార్డింగ్ సెషన్లను మొజాయిక్ సంస్థ 2013లో 6 సీడీల పెట్టెగా పరిమిత సంఖ్యలో వేసింది. చూడగానే 'ఇది అసలుది' అని గుర్తుపట్టేందుకు వీటన్నిటికీ కలిపి ఒకే రూపం లేదు. పెద్ద లేబుల్ విషయంలో మీ కళ్ళకు అలవాటైన గుర్తులు ఇక్కడ పనికిరావు. నకిలీలు కొట్టేవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

నంబర్‌ను నమ్మితే మునిగినట్టే

జనం డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ ఒక్క పొరపాటు వల్లే. అందుకే దీని గురించి ఎక్కువ చెబుతున్నాను.

స్ట్రాటా-ఈస్ట్ కేటలాగ్ నంబర్లలో చాలావాటికి ముందు సంవత్సరం కనిపిస్తుంది. శాక్సఫోన్ వాద్యకారుడు ఫారో సాండర్స్ 'ఇజిఫో జామ్' నంబర్ 19733. 'వింటర్ ఇన్ అమెరికా' 19742. స్టాన్లీ కవెల్ సోలో పియానో ఆల్బమ్ 'మూసా' 19743. లేబుల్ మీద 1974 అన్న అంకెలు కనబడగానే ఇది 1974లో ప్రెస్ చేసిన రికార్డు అనుకుంటాం. కాదు. ఆ నంబర్ ఆల్బమ్‌ది, మీ చేతిలో ఉన్న కాపీది కాదు. అదే ఆల్బమ్‌ను 2012లో ప్రెస్ చేసినా, 2025లో ప్రెస్ చేసినా చాలాసార్లు అదే నంబర్ వేస్తారు. దొంగ కాపీ కొట్టేవాడూ అదే వేస్తాడు. సంగీతం ఎప్పటిదో కూడా ఆ నంబర్ చెప్పదు. 'ఇజిఫో జామ్' 1969లో రికార్డయింది, 1973లో బయటికొచ్చింది.

మరి కాపీ ఎప్పటిదో చెప్పేది ఏది? రన్‌ఔట్. చివరి పాట అయిపోయాక గాడికీ కాగితపు లేబుల్‌కీ మధ్య నున్నటి ఖాళీ పట్టీ మిగులుతుంది కదా, అదే. రికార్డు తయారీలో మొదట టేపులోని శబ్దాన్ని ఒక లక్కర్ డిస్కు మీద గాడిగా కోస్తారు. కోసిన ఇంజినీరు ఆ పట్టీలో చేత్తో నంబర్ గీస్తాడు, కొన్నిసార్లు తన పేరో పొడి అక్షరాలో పెడతాడు. బ్లూ నోట్ అనే జాజ్ లేబుల్ పాత రికార్డుల మీద ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్ పేరుతో 'వాన్ గెల్డర్' ముద్ర, ఇప్పుడు కెవిన్ గ్రే కోసేవాటి మీద 'కేపీజీ' అలా వచ్చినవే. ఆ లక్కర్ నుంచి లోహపు స్టాంపర్లు, అంటే అచ్చులు, చేస్తారు, వాటితో వేల కాపీలు నొక్కుతారు. గీసిన ప్రతి అక్షరం ప్రతి కాపీ మీదా పడుతుంది.

కవర్‌ను స్కాన్ చేసి అచ్చేయొచ్చు, లేబుల్ కూడా అంతే. కానీ పాత స్టాంపర్లు చేతిలో లేనివాడు కొత్తగా రికార్డు చేయాలంటే మామూలుగా కొత్తగా కోయక తప్పదు. కొత్తగా కోస్తే రన్‌ఔట్ మారుతుంది. పాత అక్షరాలను చూసి మళ్ళీ గీసినా చేతిరాత వేరుగా ఉంటుంది, అక్షరాల మధ్య దూరాలు వేరుగా ఉంటాయి.

కాబట్టి రెండు వైపులా రన్‌ఔట్ ఫోటోలు అడగండి. వెలుతురు పక్క నుంచి పడేలా తీయమనండి, నేరుగా ఫ్లాష్ వేస్తే గీతలు కనబడవు. ఆ అక్షరాలను రికార్డుల వివరాలుండే వెబ్‌సైట్ డిస్కాగ్స్‌లో ఆ ఆల్బమ్ వెర్షన్ల కింద రాసి ఉన్న మ్యాట్రిక్స్ నంబర్లతో (రన్‌ఔట్‌లో గీసే నంబర్లతో) ఒక్కో అక్షరం పోల్చి చూడండి. ఫోటో ఇవ్వనంటే కొనొద్దు. 'సీల్ తీయని కాపీ, తీస్తే విలువ పోతుంది' అంటే, అసలు ప్రెస్సింగ్ ధర ఇవ్వొద్దు. సీల్ ఉండటం రుజువు కాదు, ప్లాస్టిక్ చుట్టే యంత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు.

రీఇష్యూనే కావాలనుకున్నా

నిజానికి చాలామందికి నేను చెప్పేది రీఇష్యూ కొనుక్కోమనే. వినడానికి అది చాలు, చాలాసార్లు అదే మేలు. 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు రికార్డులకు వాడే పీవీసీకి కరువొచ్చింది. ఆ రోజుల్లో పలచని, నాసిరకం ప్లాస్టిక్ మీద నొక్కిన రికార్డులు చాలా ఉన్నాయి. అసలు ప్రెస్సింగ్‌కు పెద్ద ధర పెట్టి చిటపటలు వినడం కంటే, మాస్టర్ టేపు నుంచి శ్రద్ధగా కోసిన కొత్త కాపీ నయం.

కానీ 180 గ్రాములు అన్న స్టిక్కర్‌ను చూసి మురిసిపోవద్దు. అది బరువు మాత్రమే. దేని నుంచి కోశారు అన్నదే అసలు ప్రశ్న. మాస్టర్ టేపు నుంచా, డిజిటల్ ఫైలు నుంచా, పాత సీడీ నుంచా, లేక ఎవరి ఎల్పీనో ప్లేయర్ మీద పెట్టి ఎక్కించుకుని దాన్నే మళ్ళీ కోశారా? చివరిదైతే పాత రికార్డు చిటపటలు కొత్త ప్లాస్టిక్ మీద కూడా వినిపిస్తాయి. బాధ్యతగా చేసేవాళ్ళు వెనక కవర్ మీద ఎవరు మాస్టర్ చేశారో, ఎక్కడ చేశారో రాస్తారు. 'రీమాస్టర్డ్' అన్న ఒక్క మాట రాసి పేరు లేకపోతే ఆ మాటకు విలువ లేదు.

ఇదే బరువు ఇంకో పనికొస్తుంది. 1974 అసలు ప్రెస్సింగ్ అని చెప్పి చేతికి బరువైన, మందమైన రికార్డు ఇస్తే అది కాదన్నమాట. అప్పటివి తేలిగ్గా ఉండేవి.

'ఐరోపాలో దీని కాపీరైట్ అయిపోయింది, అందుకే లైసెన్స్ అక్కర్లేదు' అని అమ్మేవాళ్ళు చెబుతారు. 1963కు ముందు విడుదలైన రికార్డింగుల విషయంలో ఆ మాటకు ఆధారం ఉంది. స్ట్రాటా-ఈస్ట్ 1971లో పుట్టింది. ఐరోపా యూనియన్ 2011లో ఆ గడువును 50 ఏళ్ళ నుంచి 70 ఏళ్ళకు పెంచింది. 1974లో వచ్చిన రికార్డుకు అక్కడ 2044 చివరి దాకా రక్షణ ఉంటుంది. ఈ సాకు చెప్పినవాడి దగ్గర ఇంకేమీ కొనొద్దు. తన టేపు తన చేతిలో ఉండాలని సొంత డబ్బు పెట్టిన మనిషి సంగీతం ఇది. అతనికి, అతని కుటుంబానికి పైసా పోకుండా కొనడం ఈ లేబుల్ విషయంలో మరీ అన్యాయం.

ఇక వరుసగా చెబుతాను, చదివి పక్కన పెట్టుకోండి.

- రన్‌ఔట్ ఫోటో లేకుండా డబ్బు పంపొద్దు.

- ఫోటో ఆ కాపీదే అని రూఢి చేసుకోండి. రికార్డు పక్కన ఆ రోజు తేదీ, మీ పేరు రాసిన చీటీ పెట్టి తీయమనండి. వేరేచోట దొరికిన ఫోటోలు పెట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు.

- స్ట్రాటా వేరు, స్ట్రాటా-ఈస్ట్ వేరు. మొదటిది డెట్రాయిట్‌లో పియానిస్టు కెన్నీ కాక్స్ పెట్టింది. అదీ మంచి లేబులే, కానీ దాని రీఇష్యూలు వేరే దారిలో వచ్చాయి. పేరు కలిసిందని ఒకదాని ధర ఇంకొకదానికి కట్టొద్దు.

- కవర్ మీద బార్‌కోడ్ ఉంటే అది 1974 నాటిది కాదు. వాదన అక్కర్లేదు.

- కవర్ వెనక చిన్న అక్షరాలు మసకగా, చుక్కలు చుక్కలుగా ఉంటే స్కాన్ చేసి అచ్చేసిందని అర్థం. అప్పుడు అది లైసెన్స్ ఉన్న రీఇష్యూనా కాదా అన్నదే మిగిలిన ప్రశ్న.

- వెనక కవర్ మీద ఈ ప్రెస్సింగ్ సంవత్సరం, కంపెనీ పేరు, ఎవరి లైసెన్స్‌తో అన్న వాక్యం వెతకండి. మూడూ లేకపోతే వదిలేయండి.

- వాద్యకారుడు చనిపోయిన వారంలో కొనొద్దు. 2022 సెప్టెంబరులో ఫారో సాండర్స్ పోయినప్పుడు ఆయన రికార్డుల కోసం ఎంతమంది ఎగబడ్డారో చూశాం. ఆ తొందరలో ఎవరూ ఫోటో అడగరు.

- రికార్డ్ స్టోర్ డే మర్నాడు రెట్టింపు ధరకు కొనొద్దు. కొన్నాళ్ళు ఆగండి. దుకాణాల్లో మిగిలినవి చాలాసార్లు మామూలు ధరకే బయటికొస్తాయి.

- పేపాల్‌లో స్నేహితులకు పంపినట్టు పంపమంటే ఒప్పుకోవద్దు. అలా పంపిన డబ్బుకు కొనుగోలుదారుడి రక్షణ ఉండదు.

- పార్సిల్ కస్టమ్స్ కాగితంలో గిఫ్ట్ అని రాయించొద్దు. ధర తక్కువ చేసి రాయించొద్దు. పార్సిల్ పోతే ఆ తక్కువ ధరే మీకు దక్కుతుంది.

- ఏప్రిల్‌లో కొన్నది మే నెలలో మన ఊళ్ళకు చేరేలా తెప్పించొద్దు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఎండలో నిలిపిన కొరియర్ వ్యానులో ఎల్పీ వంకర పోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. వర్షాలు పడేదాకా దుకాణంలోనే ఉంచమనండి. చాలామంది ఒప్పుకుంటారు.

- అమెరికా నుంచి చుట్టాలు తెస్తుంటే చేతి సామానులోనే పెట్టమనండి, చెక్-ఇన్ పెట్టెలో వద్దు. కవర్ కొలత అడుగు కంటే కాస్త ఎక్కువ, క్యాబిన్ బ్యాగులో పడుతుంది.

- రికార్డును కవర్‌లోంచి తీసి, కవర్ వెనక పెట్టి ప్యాక్ చేయమనండి. లేకపోతే దారిలో రికార్డు అంచు కవర్ అతుకును చీల్చేస్తుంది. సీల్ పోతుందని బాధపడొద్దు.

- విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో పీవీసీ బయటి తొడుగులు వాడొద్దు. ఉక్కకు రికార్డు మీద పొగలాంటి మచ్చ పడుతుంది, కడిగినా పోదు. పాలీప్రొపిలీన్ తొడుగులు తీసుకోండి.

- పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి.

- బయట ఎండగా ఉంటే విప్పగానే వాయించొద్దు. గది చల్లదనానికి వచ్చేదాకా బల్ల మీద పెట్టండి.

- రెండు వైపులా చివరిదాకా వినండి. మొదటి పాట విని బాగుందని పక్కన పెట్టేయొద్దు. లోపలి గాడుల్లోనే లోపాలు బయటపడతాయి.

- వచ్చిన కాపీ రన్‌ఔట్‌ను ముందు పంపిన ఫోటోతో మళ్ళీ పోల్చండి. ఫోటో ఒకటి, పంపింది ఇంకొకటి కావచ్చు. తేడా కనబడితే అదే రోజు ఫిర్యాదు పెట్టండి. 'మార్చి పంపిస్తాను, కాస్త ఆగు' అన్న మాట విని గడువు దాటనివ్వొద్దు.