జాజ్ రాక్ ఆల్బమ్‌లు వినడం ఎక్కణ్ణించి మొదలెట్టాలి

జాజ్‌లో రాక్ కలిపిన సంగీతమే జాజ్ రాక్. అందులో ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'బిచెస్ బ్రూ' (1970) గొప్పదని ఎవరో అంటే నేరుగా అదే పెట్టి, పది నిమిషాలకే తలనొప్పొచ్చి కట్టేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇంట్లో స్పీకర్లో పెడితే మా అమ్మ "టేపు చుట్టుకుపోయిందేంట్రా" అంది. అందుకే దాన్ని చివరికి ఉంచండి. ముందు ఆయనదే 1969 నాటి 'ఇన్ ఎ సైలెంట్ వే' వినండి, రెండే ట్రాకులు, మొత్తం 38 నిమిషాలు.

ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, బేస్ వినపడదు, అది లేకపోతే పట్టుకోడానికి ఏమీ ఉండదు. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. అమలాపురం నుంచి రాజమండ్రి బస్సులో విందామని చూశాను గానీ ఇంజిన్ మోతలో సగం పోయింది. సాయంత్రం కాలవ గట్టు మీద నడుస్తూ వింటే చెవికెక్కింది.

పల్లవి కోసం చూడకండి, రాదు. మొదటి ట్రాకులో డ్రమ్మర్ టోనీ విలియమ్స్ హై-హ్యాట్ (డ్రమ్స్‌లో ఒకదాని మీద ఒకటి ఉండే జంట తాళాలు) మీద ఒకటే నడక సన్నగా వాయిస్తుంటాడు, చెవి అక్కడ పెట్టండి. మూడు కీబోర్డులు, గిటారు, ట్రంపెట్ వచ్చి పోతుంటాయి. పెళ్లిలో సన్నాయి ఎటు తిరిగినా వెనక శ్రుతి కదలదే, అలాగన్నమాట. రెండో ట్రాకు చివర్లో, ఆ ట్రాకు మొదట్లో విన్నదే మళ్లీ వస్తుంది. యాప్ వెనక్కి పోయిందనుకుని నేను ఫోన్ తీసి చూసుకున్నాను! ప్రొడ్యూసర్ టియో మసేరో ఆ ట్రాకు మొదటి ముక్క టేపునే తెచ్చి చివర అతికించాడు.

తర్వాత మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే బ్యాండు ఆల్బమ్ 'ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్' (1971). ఇది గోల, వాల్యూమ్ తగ్గించుకోండి. ఈ బ్యాండు గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్ పైన చెప్పిన రెండు ఆల్బమ్‌లలోనూ ఉన్నాడు. ఇందులో 'ది డాన్స్ ఆఫ్ మాయ' ట్రాకుకి నాలుగు చొప్పున తాళం వేస్తే తప్పుతుంది, పదికి లెక్కేయండి. తాళం తొడ మీద వేసుకునే అలవాటుంటే తొందరగా దొరుకుతుంది.

ఇప్పుడు 'బిచెస్ బ్రూ' తీయండి, అందులోనూ ముందు 'స్పానిష్ కీ' ట్రాకు. డ్రమ్మర్లు ఇద్దరు, ఎడమ చెవిలో లెన్నీ వైట్, కుడి చెవిలో జాక్ డిజానెట్. ఒక ఇయర్‌ఫోన్ తీసేసి రెండు నిమిషాలు, అది పెట్టి రెండోది తీసి ఇంకో రెండు నిమిషాలు, ఆ తర్వాత రెండూ పెట్టుకోండి.