యాంజియోగ్రామ్‌కు ముందే ఇంట్లో తేల్చుకోవలసిన మాట

గుండె రక్తనాళాలలో పూడికలు ఉన్నాయో లేదో చూసే యాంజియోగ్రామ్‌ను చాలామంది ఆపరేషన్ అనుకుని భయపడతారు. ఇది పరీక్ష మాత్రమే. సాధారణంగా అరగంటలోపే పూర్తవుతుంది, రోగి మెలకువగానే ఉంటారు.

ముందుగా మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేస్తారు, ఎందుకంటే రక్తనాళాలు ఎక్స్‌రేలో కనిపించడానికి లోపలికి ఎక్కించే అయోడిన్ మందు మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. గతంలో ఇటువంటి మందు పడకపోయి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు వాటిని ఆపాలో వద్దో వైద్యుణ్ణి అడిగి కాగితం మీద రాయించుకోవడం మంచిది. ఎన్ని గంటలు పరగడుపున ఉండాలో ఆసుపత్రివారే చెబుతారు.

ఈ పరీక్ష చేసే గది, అంటే క్యాథ్ ల్యాబ్‌లో చలి ఎక్కువగా ఉంటుంది. మణికట్టు దగ్గర, కొందరికి గజ్జల్లో, తిమ్మిరి ఇంజక్షన్ ఇచ్చి, సుమారు 2 మిల్లీమీటర్ల గొట్టాన్ని ధమని గుండా గుండె వరకు పంపుతారు. మందు ఎక్కించేటప్పుడు కొన్ని క్షణాలపాటు ఒళ్లంతా వేడెక్కినట్లు అనిపించవచ్చు, అది మామూలే.

అసలు కష్టం తలుపు బయట మొదలవుతుంది. రోగి ఇంకా బల్ల మీద ఉండగానే కుటుంబసభ్యులను పిలిచి, తెర మీద పూడిక చూపించి, స్టెంటు (పూడిన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) ఇప్పుడే వేయమంటారా అని అడిగే సందర్భాలు ఎన్నో. ఆ రెండు నిమిషాలలో, ఆ కంగారులో, ఎవరూ నిదానంగా ఆలోచించలేరు. అందుకే స్టెంటు అవసరమని తేలితే వెంటనే వేయించుకోవాలా, బయటికి వచ్చి మాట్లాడుకోవాలా అన్నది రోగే వైద్యునితో ముందురోజు చర్చించి, సమ్మతి పత్రం మీద సంతకం చేసేముందు స్పష్టంగా చెప్పాలి. గుండెపోటు వచ్చి తీసుకువెళ్లినప్పుడు ఆలస్యం ప్రాణాపాయం, అప్పుడు వెంటనే ఒప్పుకోవాలి. నడిచినప్పుడు మాత్రమే వచ్చి, చాలాకాలంగా ఒకే తీరుగా ఉన్న నొప్పికైతే సాధారణంగా వ్యవధి ఉంటుంది. పరీక్ష సీడీ, రిపోర్టు తీసుకుని మరొక వైద్యుని అభిప్రాయం అడగడం రోగి హక్కు, అందులో మొహమాటపడవలసినది ఏమీ లేదు.

స్టెంటు వేస్తే దాని పేరు, బ్యాచ్ నంబరు, ధర బిల్లులో విడిగా ఉండాలి. 2017 ఫిబ్రవరి నుంచి స్టెంట్లకు కేంద్రం గరిష్ఠ ధర నిర్ణయించింది కాబట్టి సరిచూసుకోవడం సాధ్యమే. తరువాత రాసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలను, పన్ను తీయించుకోవడానికైనా సరే, గుండె వైద్యుణ్ణి అడగకుండా ఆపకూడదు. ఆపితే స్టెంటులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

మణికట్టు నుంచి చేస్తే బిగుతైన పట్టీ వేసి కొద్దిసేపటికే లేవనిస్తారు, గజ్జల నుంచి చేస్తే కొన్ని గంటలపాటు కాలు మడవకుండా వెల్లకిలా పడుకోవాలి. ఇంటికి వచ్చాక ఆ చోట రక్తం కారితే వేళ్లతో గట్టిగా నొక్కి పట్టాలి, ఆగకపోతే నొక్కి ఉంచే 108కి ఫోన్ చేయించాలి.