రసాయన చర్యల వేగం, సమతాస్థితి – 4వ పాఠం: చర్య ఎటు సాగుతుందో లెక్కించడం

గాఢత, ఉష్ణోగ్రత, ఉత్ప్రేరకం చర్యావేగాన్ని ఎలా మారుస్తాయో గత మూడు పాఠాలలో చూశాం. అక్కడ మన ప్రశ్న చర్య ఎంత త్వరగా జరుగుతుందన్నది. ఇప్పటి ప్రశ్న వేరు: అది ఎంతవరకు జరుగుతుంది? ఈ రెండు ప్రశ్నలనూ కలగలిపేయడం వల్లనే ఈ అధ్యాయంలో చాలా లెక్కలు తప్పుతాయి.

ఉదాహరణకు ఈ ద్విగత చర్యను, అంటే రెండు దిశల్లోనూ సాగే చర్యను, తీసుకుందాం.

హైడ్రోజన్ + అయోడిన్ ⇌ 2 హైడ్రోజన్ అయోడైడ్

మూసివున్న గాజు బుడ్డిలో హైడ్రోజన్‌నూ అయోడిన్ ఆవిరినీ సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచితే, అయోడిన్ ఊదారంగు మొదట తొందరగా, తరువాత నెమ్మదిగా పలచబడి, పూర్తిగా పోకుండానే ఒక స్థాయిలో నిలిచిపోతుంది. హైడ్రోజన్ అయోడైడ్‌ను మాత్రమే నింపిన బుడ్డిలో, మొదట ఏ రంగూ లేనిచోట, ఊదారంగు క్రమంగా పుట్టి అదే విధంగా నిలుస్తుంది. 1890ల దశకంలో జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ బోడెన్‌స్టైన్ ఈ చర్యను ఇలా రెండు వైపుల నుంచీ కొలిచాడు. వేడిచేసిన బుడ్డిని చటుక్కున చల్లార్చి లోపలి పదార్థాలను విశ్లేషించేవాడు. చల్లారగానే పురోగామి (ముందుకు సాగే), తిరోగామి (వెనక్కు సాగే) చర్యలు రెండూ దాదాపు నిలిచిపోతాయి కాబట్టి వేడిలో ఉన్నప్పటి మిశ్రమం చెదరకుండా చేతికందుతుంది. గత పాఠంలో నేర్చుకున్న ఉష్ణోగ్రత ప్రభావాన్ని ఇంత చక్కగా వాడుకున్న ప్రయోగాలు అరుదని నా అభిప్రాయం.

రంగు నిలిచిందంటే చర్య ఆగిందని కాదు. పురోగామి వేగం హైడ్రోజన్, అయోడిన్ గాఢతల లబ్ధానికి, తిరోగామి వేగం హైడ్రోజన్ అయోడైడ్ గాఢత వర్గానికి అనులోమానుపాతంలో ఉంటాయి. మొదటిది తగ్గుతూ, రెండవది పెరుగుతూ వచ్చి సమానమైనప్పుడు, హైడ్రోజన్ అయోడైడ్ గాఢత వర్గాన్ని మిగతా రెండు గాఢతల లబ్ధంతో భాగిస్తే వచ్చే విలువ ఆ ఉష్ణోగ్రతకు స్థిరంగా ఉంటుంది. అదే సమతాస్థితి స్థిరాంకం. ఈ చర్యకు పై ఉష్ణోగ్రత దగ్గర అది సుమారు 50. వర్గమూలం సులువుగా వచ్చేందుకు 49 అనుకుందాం.

ఒక లీటరు పాత్రలో 1 మోల్ హైడ్రోజన్, 1 మోల్ అయోడిన్ ఉంచామనుకోండి. ఒక్కొక్కటి 'య' మోల్‌ల చొప్పున ఖర్చయితే చెరి (1 – య) మిగిలి, 2య హైడ్రోజన్ అయోడైడ్ ఏర్పడుతుంది. పాత్ర ఒక లీటరే కాబట్టి మోల్‌ల సంఖ్యే గాఢత; (2య)² ÷ (1 – య)² = 49కి రెండు వైపులా వర్గమూలం తీస్తే 2య ÷ (1 – య) = 7, అంటే య = 7/9. కనుక 1.56 మోల్‌ల హైడ్రోజన్ అయోడైడ్ ఏర్పడుతుంది. హైడ్రోజన్, అయోడిన్ చెరి 0.22 మోల్ మిగులుతాయి. ఇక్కడ 2య బదులు 'య' అని రాయడం తరచు జరిగే తప్పు. సమీకరణంలోని 2ను మరువకండి.

ఇక ఈ పాఠంలోని అసలు నైపుణ్యం. సమతాస్థితికి ఇంకా చేరని మిశ్రమంలో కూడా అదే భాగహారం చేయవచ్చు. అప్పుడు వచ్చేదాన్ని చర్యా భాగఫలం అంటాం. అది స్థిరాంకం కంటే తక్కువైతే చర్య ముందుకు, ఎక్కువైతే వెనక్కు సాగుతుంది. లీటరు పాత్రలో హైడ్రోజన్ 0.5, అయోడిన్ 0.5, హైడ్రోజన్ అయోడైడ్ 4 మోల్‌లు ఉంటే భాగఫలం 16 ÷ 0.25 = 64. ఇది 49 కంటే ఎక్కువ కాబట్టి కొంత హైడ్రోజన్ అయోడైడ్ విడిపోవలసిందే.

ఉత్ప్రేరకం వేస్తే ఈ అంకెలేవీ మారవు. అది రెండు దిశల వేగాలనూ ఒకే రెట్లు పెంచుతుంది కనుక సమతాస్థితి త్వరగా వస్తుంది, అంతే. ఉష్ణోగ్రత మారితే మాత్రం స్థిరాంకమే మారుతుంది; దాన్ని 5వ పాఠంలో చూద్దాం.

అభ్యాసం: అదే పాత్రలో, అదే ఉష్ణోగ్రత వద్ద, హైడ్రోజన్ 0.4, అయోడిన్ 0.4, హైడ్రోజన్ అయోడైడ్ 2 మోల్‌లు ఉన్నాయి. ముందుగా దిశను నిర్ణయించి, తరువాత సమతాస్థితి గాఢతలు కట్టండి. హైడ్రోజన్ అయోడైడ్ సుమారు 2.18 మోల్‌లు వస్తే మీ లెక్క సరైనదే.