చెరువు గట్టున పక్షి పరిశీలన – 4వ పాఠం: బుడబుంగను లెక్కపెట్టడం

గట్టు మీద అరగంట కదలకుండా కూర్చోవడం పోయిన పాఠంలో సాధన చేశాం. ఆ ఓపిక ఇప్పుడు పనికొస్తుంది. కొన్ని చోట్ల మునుగుడు కోడి అని పిలిచే బుడబుంగ చూస్తుండగానే బుడుంగున మునిగి, మనం అనుకోని చోట తేలుతుంది.

దీన్ని బాతుపిల్ల అని పొరబడేవారు చాలామంది. ముందు ముక్కు చూడండి. బాతు ముక్కు వెడల్పుగా, చప్పిడిగా ఉంటుంది. దీనిది కురచగా, మొనదేలి ఉంటుంది. తోక ఉన్నట్టే కనిపించదు. ఒళ్ళు జానెడు కన్నా కాస్త ఎక్కువ, సుమారు 25 సెంటీమీటర్లు. గుడ్లు పెట్టే కాలంలో చెంపలు, మెడ ఇటుక రంగుకు తిరుగుతాయి, నోటి మూలన లేత పసుపు మచ్చ మెరుస్తుంది. మిగతా కాలంలో ఒంటి మీద మట్టి రంగే ఎక్కువ కనుక రంగు ఒక్కదాన్నే నమ్ముకోకండి.

ఇక అభ్యాసం. పిట్ట మునగగానే సెకన్లు లెక్కించండి. మునిగిన చోటునే చూస్తూ ఉండిపోకుండా చుట్టూ నీటి మీద చూపు సారించండి. పది మునకల సమయాలు రాసుకోండి. చాలావరకు అర నిమిషం లోపే ఉంటాయి. మొత్తం ఎన్ని పిట్టలున్నాయో తేల్చడానికి, తేలిన ప్రతిసారీ ఒకటి కలుపుకుంటూ పోకూడదు. ఒకే క్షణంలో నీటిపై కనిపించినవాటినే లెక్కపెట్టండి. పావుగంటలో పదిసార్లు అలా చేసి, వాటిలో పెద్ద అంకెను రాయండి. కనీసం అన్ని పిట్టలున్నాయని ధైర్యంగా చెప్పవచ్చు.

ఇంత బాగా మునగడానికి కారణం కాళ్ళు. అవి ఒంటికి బాగా వెనక ఉంటాయి, ఒక్కో వేలికీ రేకులాంటి అంచు ఉంటుంది. తెడ్లుగా అద్భుతంగా పనిచేసే ఆ కాళ్ళతో నేల మీద నడవడం మాత్రం కష్టం. అందుకే గూడు కూడా నీటి మీదే. నాచు, కుళ్ళిన ఆకులు పోగేసి, జమ్ముకో తుంగకో ఆనించి తెప్పలా కడుతుంది. గూడు వదిలి వెళ్ళేటప్పుడు గుడ్లపై తడి ఆకులు కప్పుతుంది. తెల్లగా పుట్టిన గుడ్లు ఆ మరకలతో క్రమంగా గోధుమ రంగుకు మారతాయి. దూరం నుంచి చూస్తే అది గూడనిపించదు, నీటిలో తేలే చెత్తకుప్పలా ఉంటుంది. కాబట్టి దయచేసి జమ్ములోకి దిగకండి, తెప్ప నడపకండి. మనం పక్కన ఉన్నంతసేపూ తల్లి తిరిగి రాదు. ఓపిక పడితే చారల తలల పిల్లలు తల్లి వీపెక్కి ఊరేగడం గట్టు మీదనుంచే చూడవచ్చు. నాకు చెరువులో అంతకంటే ఇష్టమైన దృశ్యం లేదు.

వచ్చే పాఠానికి పది మునకల సమయాలు, ఒక పెద్ద అంకె సిద్ధంగా ఉంచుకోండి. పక్కనే కర్ర మీద రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకి కనిపిస్తే దాని మునకలూ రాసుకోండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.