జీన్ థెరపీ వైరస్ ఒంట్లో పాకుతుందా? డాక్టర్‌ని ఏం అడగాలి, ఎలా అడగాలి

"16 కోట్ల ఇంజెక్షన్" అంటే ఇప్పుడు గుంటూరు, బెజవాడల్లో తెలియనివాళ్లు తక్కువ. ఎస్‌ఎంఏ (వెన్నుపాములోని నరకణాలు దెబ్బతిని కండరాలు బలహీనపడే జన్యు జబ్బు) ఉన్న పిల్లల కోసం విరాళాలు అడిగే వాట్సాప్ మెసేజ్‌లతో ఆ మాట ఇంటింటికీ చేరింది. ఆ ఇంజెక్షన్ ఒక జీన్ థెరపీ, అంటే కావలసిన జీన్‌ని వైరస్‌లో పెట్టి ఒంట్లోకి ఎక్కించడం. డబ్బు సంగతి అలా ఉంచితే, ఇంట్లో నాయనమ్మలు, అమ్మమ్మలు ముందు అడిగేది వేరే: "అందులో వైరస్ ఉందంటగా, అది ఒళ్లంతా పాకితే? ఇంట్లో ఇంకో చంటిది ఉంది, దానికి అంటుకుంటే?"

మంచి ప్రశ్నే, మొహమాటం లేకుండా అడగాల్సిందే. కాకపోతే అందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి: మందు ఒంట్లో ఎక్కడెక్కడికి పోతుంది, ఒక కణంలోంచి ఇంకో కణంలోకి పాకుతుందా, ఒంట్లోంచి బయటికి వస్తుందా. విడివిడిగా అడగండి.

ముందు రెండోది తీసుకుందాం, భయమంతా అక్కడే కాబట్టి. మామూలు వైరస్ కణంలో దూరి, తన కాపీలు బోలెడు చేయించుకుని, బయటపడి పక్క కణాల మీద పడుతుంది. 2019లో అమెరికాలో అనుమతి వచ్చిన ఈ ఎస్‌ఎంఏ మందు, జోల్జెన్‌స్మాలో వాడేది ఏఏవీ9 అనే వైరస్. ఏఏవీ రకం వైరస్‌లు సుమారు 25 నానోమీటర్లు ఉంటాయి, అసలు రూపంలో కూడా అడినోవైరస్ లాంటిదేదో తోడుంటే తప్ప పెరగలేవు. పైగా మందు చేసేటప్పుడు దాని రెప్, క్యాప్ జీన్లు (కాపీలు చేసుకోడానికి, పైతొడుగు తయారుచేసుకోడానికి కావలసినవి) తీసేసి, రెండు చివర్లా చిన్న డీఎన్‌ఏ ముక్కలు మాత్రం ఉంచి, మధ్యలో పిల్లాడికి కావలసిన ఎస్‌ఎంఎన్1 జీన్ పెడతారు. అది కణం పైన అతుక్కుంటుంది, కణం దాన్ని చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది, ఆ సంచిలోంచి తప్పించుకుని కేంద్రకం చేరి జీన్‌ని అప్పగిస్తుంది, అంతే, అక్కడితో దాని పని సరి. కొత్త వైరస్ పుట్టదు, పక్క కణానికి పోవడానికి ఏమీ మిగలదు.

డోసు అంత పెద్దగా ఉండడానికి ఒక ముఖ్య కారణం ఇదే. పాకదు కాబట్టి, కావలసిన కణాలన్నిటికీ సరిపడా ఒకేసారి ఎక్కించాలి: కిలో బరువుకి 110 లక్షల కోట్ల వైరస్ కాపీలు. ఆ అంకె చూసి టెన్షన్ పడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, అది లోపల పెరిగి పెరిగి అయ్యే సంఖ్య కాదు, మొదటి రోజునే అంత, ఆ తర్వాత తగ్గడమే.

ఇక ఎక్కడికి పోతుందంటే, నరానికి ఎక్కిస్తారు కాబట్టి రక్తం పోయే ప్రతిచోటికీ. ఏఏవీ9 రక్తనాళాల గోడ దాటి వెన్నుపాము చేరగలదు, దాన్ని ఎంచుకుంది అందుకే. కానీ ఎక్కువ భాగం లివర్‌కి పోతుంది, అసలు జాగ్రత్త అక్కడ కావాలి. అందుకే ముందురోజు నుంచే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టి కనీసం 30 రోజులు ఇచ్చి తర్వాత మెల్లగా తగ్గిస్తారు, లివర్ పరీక్షలు, ప్లేట్‌లెట్లు, గుండెకి సంబంధించిన ట్రోపోనిన్ చూస్తూ ఉంటారు. "ఈ రక్తపరీక్షలు ఎన్నాళ్లు, మన ఊళ్లో చేయించి రిపోర్టు పంపితే సరిపోతుందా?" అని ముందే తేల్చుకోండి, ప్రతి వారం హైదరాబాద్ తిరగడం చంటిపిల్లతో తేలిక కాదు.

బయటికి రావడం నిజమే, ముఖ్యంగా మలంలో. డైపర్లు కవర్లో గట్టిగా కట్టి పారేయడం, మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం కనీసం నెల రోజులు చెయ్యాలి. అలా వచ్చినదానికీ పెరిగే శక్తి లేదు, కాబట్టి చంటిదాన్ని వేరే ఊరు పంపాల్సిన పని లేదు.

అన్ని వెక్టర్లూ (జీన్‌ని మోసుకెళ్లే వైరస్‌లు) ఇలాగే ఉంటాయనుకోకండి, అందుకే "ఇది ఏ వైరస్, కాపీలు చేసుకోగలదా?" అని పేరు పెట్టి అడగాలి. టీ-వెక్ అని చర్మ క్యాన్సర్‌కి వాడే హెర్పిస్ వైరస్ ఉంది, దాన్ని కావాలనే క్యాన్సర్ కణాల్లో పెరిగి పక్క కణాలకి పాకేలా చేశారు. ఇంజెక్షన్ చేసినచోట కట్టు కట్టి ఉంచమనేది అందుకే. లెంటీవైరస్ (తెచ్చిన జీన్‌ని కణం డీఎన్‌ఏలోనే అతికించే రకం) సంగతి మళ్లీ వేరు. 2023లో మన దేశంలో అనుమతి వచ్చిన నెక్స్‌కార్19 అనే రక్త క్యాన్సర్ వైద్యంలో గానీ, వేలూరు సీఎంసీ హిమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ట్రయల్‌లో గానీ కణాలని బయటికి తీసి, ల్యాబ్‌లో జీన్ ఎక్కించి, తిరిగి ఒంట్లోకి పంపుతారు. అక్కడ అడగాల్సింది పాకడం గురించి కాదు, జీన్ మన డీఎన్‌ఏలో ఎక్కడ అతుక్కుంటుందో దాని గురించి. పాతరకం రెట్రోవైరస్‌తో పారిస్‌లో వైద్యం చేసిన పిల్లల్లో కొందరికి లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చింది అలా అతుక్కున్నచోటు వల్లే. ఏళ్ల తరబడి చెకప్‌లకి రమ్మంటే మానకండి.

ఇంకొకటి, ఏఏవీ9 యాంటీబాడీ పరీక్ష. సహజంగా ఈ వైరస్ తగిలినవాళ్లలో యాంటీబాడీలు ఉంటాయి, రిపోర్టులో వాటి మోతాదు 1:50 దాటితే మందు ఇవ్వరు. ఒకసారి మందు పడ్డాక యాంటీబాడీలు బాగా పెరుగుతాయి, కాబట్టి రెండో డోసు ఆశ పెట్టుకోవద్దు.

ఎవరైనా ట్రయల్‌లో చేర్చుకుంటామంటే సీటీఆర్‌ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబర్ అడిగి ఆ సైట్‌లో మీరే చూసుకోండి, నంబర్ చెప్పలేకపోతే అక్కడితో ఆపేయండి. హైదరాబాద్ నిమ్స్, అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో ఒకటి. వెళ్లేటప్పుడు జన్యు పరీక్ష రిపోర్టుతో పాటు టీకాల కార్డు కూడా పట్టుకెళ్లండి, స్టెరాయిడ్ వాడే రోజుల్లో ఏ టీకా వాయిదా వెయ్యాలో డాక్టర్ అది చూసే రాసిస్తారు.