పసిపిల్లలున్న ఇంటికి కుక్కను తెచ్చే ముందు

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. కుక్కపిల్ల కావాలని పిల్లలు పట్టుబట్టే రోజులివి. అడ్వాన్సు ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

• ఫొటో చూసి ఖాయం చేసుకోకండి. వెళ్లి అరగంట కూర్చుని గమనించండి. అది తింటుండగా మనిషి దగ్గరికొస్తే ఒళ్లు బిగించినా, గుర్రుమన్నా, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసినా వద్దనుకోండి. మూడేళ్ల పిల్లల ముఖం కుక్క నోటికి అందే ఎత్తులోనే ఉంటుంది.

• 8 వారాలు నిండని కుక్కపిల్ల వద్దు. ఆటలో ఎంత గట్టిగా కొరకకూడదో అది నేర్చుకునేది తల్లి, తోడబుట్టినవాటి దగ్గరే.

• టీకా కార్డులో డాక్టర్ సంతకం, తేదీలు చూడండి. పార్వో అనే వైరస్ జబ్బు సోకితే కుక్కపిల్ల రోజుల్లోనే పోవచ్చు. నులిపురుగుల మందు వేశారా అని కూడా అడగండి, ఆ పురుగులు మన పిల్లలకూ సోకుతాయి.

• చలి ప్రాంతపు జాతి అయిన హస్కీ మన ఎండలకు తట్టుకోలేదు. దాన్ని చూస్తే నాకు జాలేస్తుంది.

• లాబ్రడార్ నెమ్మదైనదే. కానీ పెరిగాక 25 కిలోలు దాటుతుంది, ఉత్సాహంగా మీదికొస్తే పసివాడు పడిపోతాడు. రోజూ రెండు పూటలా ఎవరు తిప్పుతారో ముందే తేల్చుకోండి.

• నన్నడిగితే, పిల్లల మధ్య పెరిగిన రెండేళ్ల నాటు కుక్క మేలు. స్వభావం అప్పటికే తెలిసిపోతుంది.

• ఎంత సాధువైనా పసివాళ్లతో ఒంటరిగా వదలొద్దు. పన్ను గీసుకున్నా సబ్బు, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.